బొడ్డున్న చేప

పోయిన నెలలో మా కాలేజీ నుంచి ఫోను వచ్చింది. నెల్లూరులో నేను చదివిందీ ఆ కాలేజీలోనే, తర్వాత జంతుశాస్త్రం పాఠాలు చెప్పి చెప్పి రిటైరైందీ అక్కడే. మ్యూజియం గది ఖాళీ చేసి కంప్యూటర్లు పెడుతున్నారట. "మేడమ్, సీసాలన్నీ గుంత తీసి పూడ్చేయమన్నారు. మీకేమన్నా కావాలంటే ఈ వారంలో వచ్చి తీసుకోండి" అన్నాడు అటెండరు, పాత పేపర్లు తూకానికి వేసేవాడంత తాపీగా. నాకు ఒళ్లు మండింది. ఫార్మలిన్ సీసాలను మట్టిలో పూడుస్తారా, పక్కనే తాగేనీళ్ల బోరుంది గదయ్యా అని గట్టిగా కేకలేసి, మరునాడు పొద్దున్నే ఆటో ఎక్కి వెళ్లాను. రిటైరైన లెక్చరర్ల కేకలను ఎవరూ పట్టించుకోరు. కుర్చీ వేసి, టీ తెప్పించి, తమ పని తాము చేసుకుపోతారు.

పాముల సీసాలు, తేళ్ల సీసాలు, మూత పగిలి లోపలిదంతా ఎండిపోయిన నత్తల సీసాలు నేల మీద వరసగా పెట్టి ఉన్నాయి. ఆ వరసలో నాదొకటి ఉంది. జానెడున్నర పొడవున్న సొరచేప పిల్ల. ఒకప్పుడు బూడిద రంగు, ఇప్పుడు పాలు ఎక్కువైన టీ రంగు. ముందు రెక్కల మధ్య, పొట్ట మీద, సన్నటి తాడు ముక్క వేలాడుతోంది. అట్ట మీద నల్ల ఇంకుతో నా చేతిరాతే: పాల సొర, అప్పుడే పుట్టిన పిల్ల, బొడ్డు తాడుతో సహా. తెచ్చినవారు: రత్నకుమారి, బి.ఎస్సీ. మొదటి సంవత్సరం. ఆ 'తెచ్చినవారు' అన్న మాట దగ్గర నా కన్ను ఆగిపోయింది. దొంగిలించినవారు అని రాసి ఉండాల్సింది. ఆ చేపను నేను ఎక్కడి నుంచి ఎత్తుకొచ్చానో, దానివల్ల ఎవరి మీద అబద్ధాలకోరన్న నింద పడిందో ఇంతవరకు ఒక్కరికీ చెప్పలేదు. ముసలిదాన్నయ్యాను, ఇంకెప్పుడు చెబుతాను? సీసాను ఒళ్లో పెట్టుకుని ఇంటికి వస్తుంటే, "ఏంది మేడమ్ ఈ కంపు, బండిలోంచి రేపటికి గూడా పోదు" అని ఆటో అబ్బాయి దారి పొడవునా సణిగాడు.

మాది బిట్రగుంట రైల్వే కాలనీ. నాయన లోకో షెడ్డులో ఫిట్టరు. ఆవిరి ఇంజన్ల కాలం అది. షెడ్డు కూతతో కాలనీ నిద్రలేచేది, ఆ కూతతోనే భోజనానికి కూర్చునేది. తీగ మీద ఆరేసిన బట్టల మీద బొగ్గు నుసి పడేది, తెల్లచీర అన్నది మా ఇళ్ల వరసలో ఎవరూ ఒక గంటకు మించి కట్టుకోలేకపోయేవాళ్లు. మా అవ్వ, అంటే నాయన వాళ్ల అమ్మ, ఆ నుసితో జీవితాంతం యుద్ధం చేసింది. కూత కూయకముందే లేచి వాకిలి కడిగి, బైబిలు ఒక అధ్యాయం పైకి చదివి, ఆ తర్వాతే పొయ్యి ముట్టించేది. కళ్లజోడు లేదు. ఆ అధ్యాయాలన్నీ కంఠతా వచ్చేమో, పుస్తకం తలకిందులుగా పట్టుకున్నా చదివేసేది. మేం నవ్వితే, "దేవుడికి అర్థమైతే చాల్లే, మీకెందుకు?" అనేది.

ఇంట్లో ఏ పని ఎవరు చేసినా అవ్వకు నచ్చేది కాదు. ముఖ్యంగా చేప. మొప్ప ఎత్తి చూడాలి, కన్ను నొక్కి చూడాలి, పొట్ట దగ్గర ముక్కు పెట్టి వాసన చూడాలి, అప్పుడు గానీ బేరం మొదలు కాదు. మా వీధికి చేపలు తెచ్చేది పొన్నమ్మ. జువ్వలదిన్నె వైపు సముద్రం ఒడ్డున చేపలు పట్టే పట్టపువాళ్ల పల్లె ఆమెది. మొదటి బస్సుకు వచ్చి, కాలనీ అంతా తిరిగి, ఎండ ముదిరే వేళకు మా వాకిట్లో బుట్ట దించి కాసేపు కాళ్లు చాపుకునేది. కొత్త కోడలిగా ఉన్నప్పటి నుంచి మా ఇంటికే వచ్చేదట. ఇద్దరూ తిట్టుకుంటూ మాట్లాడుకునేవాళ్లు. అదే వాళ్ల స్నేహం. వెళ్లేటప్పుడు ఆ తడిబుట్టకు అవ్వ ఒక చెయ్యి వేసి తలకు ఎత్తేది. నీళ్లు కారే బుట్టను ఒక్క మనిషి తలకెత్తుకోవడం కష్టం, ఎవరో ఒకరు చెయ్యి వేయాల్సిందే.

ఇక సొర సంగతి. మా వైపు బాలింతకు పాలు పడాలంటే పాల సొర పెడతారు. పెద్ద సొర పనికిరాదు, అది వేడి. పిల్ల కావాలి, అదీ బొడ్డు మూసుకోనిది. అవ్వ సొర పిల్లను వెల్లకిలా తిప్పి, ముందు రెక్కల మధ్య బొటనవేలితో తడిమేది. అక్కడ చిన్న చీలిక తగిలితే, "ఇది పుట్టి వారం గాలేదు, తియ్" అనేది. నున్నగా ఉంటే, "దీనికి బొడ్డు మూసుకుపోయుండాది, నీ మొగుడికి పెట్టుకో" అని బుట్టలో పడేసేది. తెచ్చిన పిల్లను పసుపు నీళ్లలో ఉడికించి, గరుకు చర్మం ఒలిచేసి, మాంసాన్ని చేత్తో పొడిపొడిగా నలిపి, తెల్లగడ్డలు దండిగా దంచి వేసి, మిరియాలూ కరివేపాకూ నువ్వుల నూనెలో మగ్గబెట్టేది. సొరకు ముల్లుండదు, ఒంటి నిండా మెత్తటి మృదులాస్థే. బాలింత కళ్లు మూసుకుని తినొచ్చు. ఒలిచిన చర్మాన్ని నాయన ఎండబెట్టి సుత్తి పిడులు నునుపు చేసుకోవడానికి దాచుకునేవాడు. దాన్ని తల నుంచి తోకకు నిమిరితే నున్నగా ఉంటుంది. తోక నుంచి తలకు నిమిరితే చెయ్యి గీరుకుపోతుంది. ఆ చర్మమంతా పళ్లేనని, నోట్లో పళ్లూ ఒంటి మీద పొలుసులూ ఒకే పదార్థమని నాకు చాలా రోజులకు గానీ తెలియలేదు.

ఇంకో పద్ధతి కూడా ఉండేది. బాలింతకు పెట్టే మొదటి సొరను అమ్మరు. ఊరికే ఇస్తారు. ఇంటివాళ్లు బదులుగా బుట్టలో రెండు దోసిళ్ల బియ్యం పోసి, తెచ్చినామె నుదుట పసుపు పెట్టి పంపాలి. మేం క్రైస్తవులం కదా, పసుపు వద్దని పాస్టరు గారు ఒకటి రెండు సార్లు చెప్పి చూశారు. అవ్వ ఆయనకు కూడా సొర వండి పంపింది, ఆయన మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

నేను ప్యాసింజరు రైలెక్కి నెల్లూరు కాలేజీకి వెళ్లడం మొదలుపెట్టిన ఏడాది అక్క పురిటికి వచ్చింది. అక్క పేరు సుగుణ, నాకన్నా మూడేళ్లు పెద్ద. ఆ రోజుల్లో మాకు చేపల పాఠం జరుగుతోంది. మాస్టారు బుచ్చిరెడ్డిపాలెం దగ్గర వరి పండించే కుటుంబం నుంచి వచ్చిన శాకాహారి. సముద్రాన్ని ఆయన పుస్తకాల్లోంచే ప్రేమించారు. గోడకు పగడపు దిబ్బల పటం ఒకటి వేలాడదీసి, ఆ నీలం నీళ్లూ ఎర్రటి కొమ్మలూ వాటి మధ్య తిరిగే సొరలూ చూపిస్తూ మైమరచిపోయేవారు. మా సముద్రానికీ ఆ పటానికీ ఏ పోలికా లేదు. పెన్న మట్టి కలిసి మాది ఎప్పుడూ బురద రంగే, మోకాలి లోతులో నీ పాదం నీకు కనపడదు. ఒకరోజు ఆయన చేపల గుడ్ల గురించి చెబుతుంటే నేను లేచి నిలబడి, "సార్, మా ఇంట్లో వండే చేపకు బొడ్డుంటుంది" అన్నాను. క్లాసంతా గొల్లున నవ్వింది. వెనక బెంచీ నుంచి, "ఆస్పత్రిలో పుడుతుందేమో" అన్నారెవరో. ఆ సాయంత్రం రైల్లో కూడా అదే మాట.

మాస్టారు మాత్రం నవ్వలేదు. కొన్ని సొరలు కడుపులోనే పిల్లను మోస్తాయనీ, ముందు పిల్ల తన సంచిలోని సొన తిని బతుకుతుందనీ, అది అయిపోయాక ఆ సంచే తల్లి గర్భానికి అతుక్కుని మాయలా మారుతుందనీ, మనకు లాగే బొడ్డు తాడు ద్వారా తల్లి రక్తంలోంచి తిండి అందుతుందనీ చెప్పారు. చెప్పి, గొంతు తగ్గించి, "పుస్తకంలో చదివానమ్మా, కళ్లతో చూసే భాగ్యం కలగలేదు. తాడు ఊడని పిల్ల దొరికితే తీసుకురా. మ్యూజియంలో పెట్టి నీ పేరు రాయిస్తా" అన్నారు. పద్దెనిమిదేళ్ల పిల్లకు ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. ఆ నవ్విన మొహాల ముందు ఆ చేపను పెట్టే రోజు కోసం నేను ఎదురుచూస్తూ కూర్చున్నాను.

అక్కకు ఆడపిల్ల పుట్టింది, శాంతి అని పేరు పెట్టాం. మూడో రోజయింది, నాలుగో రోజయింది, పాలు సరిగా పడలేదు. పిల్ల రొమ్ము పట్టుకుని కాసేపు చీకి, ఏడుపు లంకించుకునేది. అక్క కూడా ఏడ్చేది. "ఏం కాదులే, పొన్నమ్మకు చెప్పుండా, సొర రానీ" అని అవ్వ ధైర్యం చెప్పేది. సొర వస్తే పాలు వస్తాయని అక్క మనసారా నమ్మింది. సముద్రం బాగాలేక రెండు రోజులు పొన్నమ్మ చిన్నచేపలు తప్ప తేలేకపోయింది. శుక్రవారం అవ్వా అమ్మా ఉపవాస ప్రార్థనకు వెళ్లారు, అక్కా బిడ్డా లోపల నిద్రపోతున్నారు. నేను కుళాయి దగ్గర నుంచి బిందెతో వచ్చేసరికి రోటి పక్కన రాతి తొట్టి మీద మా ఇంటి బుట్ట బోర్లించి, పైన రాయి పెట్టి ఉంది. ఎత్తి చూస్తే తడి గోనె, గోనె కింద ఒకే ఒక్క సొర పిల్ల. తిప్పి చూశాను. తాడు ఊడలేదు.

చేతులు వణికాయని చెబితే అబద్ధం. నాకు గంతులేయాలనిపించింది. అక్క గుర్తు రాలేదా అంటే, వచ్చింది. పొన్నమ్మ రేపు ఇంకోటి తెస్తుందిలే అనుకున్నాను, అంతే, ఒక్క క్షణం కూడా పట్టలేదు ఆ లెక్కకు. చేపను అరిటాకులోనూ, దాన్ని పాత తువ్వాలులోనూ చుట్టి, రికార్డు పుస్తకం కింద సంచిలో పెట్టుకున్నాను. వెళ్లేముందు గోనె మడిచి తొట్టిలో వేసి, బుట్ట మళ్లీ బోర్లించి, దాని మీద రాయి ఎక్కడిదక్కడ పెట్టాను. ఎత్తిన వస్తువు ఎత్తిన చోట పెట్టాలని అవ్వ కొట్టి మరీ నేర్పిన అలవాటు. ఆ రాయిని పక్కన పడేసి ఉంటే నేరం పిల్లి మీదకు పోయేది. నా పొందికే కొంప ముంచింది.

కాలేజీలో ఆ రోజు నాది. మాస్టారు చేపను పళ్లెంలో పెట్టి, ముట్టుకోవడానికి జంకుతూ జంకుతూ ముట్టుకుని, ఆ తాడును పట్టకారుతో ఎత్తి చూపించారు. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. నవ్వినవాళ్లంతా బల్ల చుట్టూ మూగారు. ఫార్మలిన్ ఎక్కించి, సీసాలో దించి, అట్ట మీద నాచేతే రాయించారు. చప్పట్లు కొట్టారు కూడా. తిరిగొచ్చేటప్పుడు రైలు కిటికీ దగ్గర కూర్చుని, దారిలో కనపడ్డ ప్రతి మనిషికీ నా సంగతి తెలిసినట్టు నవ్వుకుంటూ వచ్చాను.

ఇంటికొచ్చేసరికి వాకిట్లో గొడవ. బియ్యం తీసుకుపోదామని పొన్నమ్మ ఆఖరి బస్సుకు ముందు మళ్లీ వచ్చిందట.

"రోటి పక్కన తొట్టిలో పెట్టినా పెద్దమ్మా. తడిగోనె కప్పి, బుట్ట బోర్లించి, రాయి గూడా పెట్టినా" అంటోంది పొన్నమ్మ.

"బుట్ట ఉండాది, రాయి ఉండాది, గోనె ఉండాది. చేపే లేదు. పిల్లి తినిపోతే మళ్లా బుట్ట బోర్లించి, రాయి పెట్టి పోతుందా మే?" అంది అవ్వ.

"తాడు గూడా ఊడని పిల్ల. అట్టాంటిది మళ్లా దొరకదని అందర్నీ వదిలేసి ముందు మీ ఇంటికే వచ్చినా."

"గార్డు గారి కోడలు గూడా పచ్చి బాలింతే గదా. పొద్దున వాళ్లింటి ముందర బుట్ట దించినావంట. ఆడ ఇచ్చిండావేమో, రొంత గుర్తు తెచ్చుకో."

పొన్నమ్మ మొహం అదోలా అయిపోయింది. "బాలింత చేప కాడ నేను అబద్ధం ఆడతానా పెద్దమ్మా? నువ్వేనా ఈ మాట అనేది?" అంది.

అవ్వ చేటలో తెచ్చిన బియ్యం చేటలోనే ఉండిపోయింది. నేను గుమ్మంలో నిలబడి ఉన్నాను. నా సంచిలోంచి నాకే నీచు వాసన వస్తోంది. ఒక్క మాట, "నేనే తీసుకున్నా" అన్న ఒక్క మాట చాలు. అవ్వ నాలుగు తగిలించేది, పొన్నమ్మ నవ్వేసేది, అంతటితో పోయేది. నోరు పెగల్లేదు. పొద్దున్నుంచి విన్న చప్పట్లు పోతాయని భయం, అంతకన్నా ఏం లేదు. పొన్నమ్మ వంగి, బుట్టను మోకాలి మీదకు లాక్కుని, అక్కడి నుంచి భుజానికి, భుజం నుంచి తలకు తనే ఎత్తుకుంది. అవ్వ చెయ్యి వేయలేదు, నేనూ వేయలేదు.

ఆ మరునాటి నుంచి వాయుగుండం. పడవలు ఒడ్డెక్కాయి, వారం పాటు చేప అన్నది లేదు. పిల్ల ఏడుపు వినలేక నాయన పాల డబ్బా తెచ్చాడు. డబ్బా రుచి మరిగిన పిల్ల రొమ్ము పట్టడం మానేసింది, వచ్చే నాలుగు చుక్కలు కూడా ఆగిపోయాయి. చూడ్డానికి వచ్చిన అక్క అత్తగారు, "మా వంశంలో ఇట్టాంటిది ఎరగమమ్మా" అని అందరి ముందూ అంది. అక్క గోడ వైపు తిరిగి పడుకుంది. పొన్నమ్మ మళ్లీ మా వరసకు రాలేదు, అవతలి వీధి నుంచే తిరిగిపోయేది. ఆమె కేక వినపడితే అవ్వ చేస్తున్న పని ఆపి, కాసేపు అట్లా నిలబడి, మళ్లీ మొదలుపెట్టేది. ఆ తర్వాత మా ఇంట్లో సొర వండలేదు. మిగతా చేపలు వండినా అవ్వకు అంత శ్రద్ధ ఉండేది కాదు.

నేను ఎంఎస్సీ చదివాను, అదే కాలేజీలో లెక్చరరయ్యాను. ప్రతి ఏడూ సొరల పాఠం వచ్చినప్పుడు ఆ సీసా తెప్పించి బల్ల మీద పెట్టేదాన్ని. "దీన్ని మా ఇంటి తొట్టిలోంచి తెచ్చానర్రా" అంటే పిల్లలు నవ్వేవాళ్లు. నిజమే చెప్పినట్టుండేది, నిజం బయటపడేది కాదు. మనసు మరీ పీకితే శాస్త్రాన్ని అడ్డం పెట్టుకునేదాన్ని. సొర తింటే పాలు పడతాయనడానికి రుజువేముంది, తినకపోతే పోయిందేముంది అని. కానీ అదే శాస్త్రం ఇంకో మాట కూడా చెబుతుంది. పిల్ల చీకితేనే పాలు వస్తాయి. సొర వస్తే పాలు వస్తాయని నమ్మిన అక్క ఇంకో వారం ఓపిగ్గా పిల్లను రొమ్ముకు వేసుకునేది. సొర రాలేదు కనక డబ్బా వచ్చింది. చేపలో ఏమీ లేకపోవచ్చు, నేను ఎత్తుకుపోయింది చేపను ఒక్కదాన్నే కాదు. ఈ సంగతి నాకు నలభై ఏళ్ల వయసులో ఒకరోజు క్లాసులో పాఠం మధ్యలో తట్టింది. సుద్దముక్క కింద పడింది, తీసుకుని పాఠం పూర్తి చేశాను.

ఇంకోటి కూడా పాఠాలు చెబుతూ చెబుతూనే అర్థమైంది. మామూలు చేప వేలకొద్దీ గుడ్లు వదిలేసి పోతుంది. పాల సొర అట్లా కాదు, ఇంచుమించు ఏడాది పాటు కడుపున మోసి నాలుగైదు పిల్లల్ని కంటుంది. కనడానికి లోతు తక్కువ ఒడ్డుకు వస్తుంది, ఎందుకంటే ఆ బురద నీళ్లలో పిల్లల్ని తినే పెద్ద సొరలు తిరగలేవు. మాస్టారి పటంలోని నీలం నీళ్లకన్నా మా మురికి సముద్రమే వాటికి పురిటిల్లు. బొడ్డు మూసుకోని పిల్ల అంటే పుట్టిల్లు వదలనిది అని అర్థం. మా అవ్వ బొటనవేలు ఏ పుస్తకమూ చదవకుండానే వాటి వయసు కట్టగలిగింది, ఆ వేలితోనే ఏరి ఏరి పసివాటిని వండింది. బుట్టల్లో వచ్చే నాలుగు పిల్లలకు సముద్రం తట్టుకుంది. తర్వాత పెద్ద పడవలొచ్చాయి, నేలను ఊడ్చే వలలొచ్చాయి. తప్పెవరిదో తేల్చడం నా వల్ల కాదు. మా ఇంటి వాటా మాత్రం నాకు తెలుసు.

సీసా ఇంటికి తెచ్చిన మూడో రోజు కావలి వెళ్లాను. అక్క అక్కడే ఉంటుంది, బావ పోయాక శాంతి దగ్గర. శాంతి స్కూలుకు వెళ్లిపోయింది, టీచరు. అక్క చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. పక్కన కూర్చుని నేనూ నాలుగు తీసి, "అక్కా, శాంతి పుట్టినప్పుడు పొన్నమ్మ పెట్టిన సొర నేనే తీసుకుపోయినా. కాలేజీకి" అన్నాను.

అక్క చేతులు ఆగాయి. ఏ సొర అని అడగలేదు.

"పొన్నమ్మ పెట్టిందా అయితే?"

"పెట్టింది."

అక్క చేతిలో కాయ కింద పెట్టి అంది: "నా ఒంట్లోనే ఏదో లోపం ఉండాదనుకున్నానే. ఇన్నేళ్లూ. చిన్నోడు పుట్టినప్పుడు ఒక్కసారి గూడా రొమ్ముకు ఆనించలా. ముందే డబ్బా తెచ్చి పెట్టమన్నా. ఎందుకు, మళ్లా అందరి ముందరా ఆ మాటలు పడాలా అని."

"అక్కా, అసలు ఆ చేపకూ పాలకూ..."

"నాకు పాఠం చెప్పమాక రత్నా. లేచి పో."

లేచి వచ్చేశాను. బస్సులో పక్కన కూర్చున్నామె, "ఏమ్మా, ఒంట్లో బాగాలేదా?" అని నీళ్ల సీసా ఇచ్చింది. నాలుగు రోజులు అక్క ఫోను ఎత్తలేదు. అయిదో రోజు తనే చేసింది. పలకరింపు లేదు, ఏమీ లేదు. "నాకు చెప్పినావు, సరే. నా కోపం నేను పడతా. పొన్నమ్మకు చెప్పినావా?" అంది. ఆమె బతికుంటుందా అక్కా అన్నాను. "ఉంటే ఆమెకు, లేకుంటే వాళ్ల వాళ్లకు. ఆటో మాట్లాడుతుండా, రేపు పొద్దున్నే వచ్చేయ్" అని పెట్టేసింది.

ఆ వైపు వెళ్లి ఎన్నేళ్లయిందో. మట్టి రోడ్డు తారు రోడ్డయింది, తాటాకు కొట్టాలు పోయి సిమెంటు మిద్దెలు లేచాయి, ఒడ్డున హార్బరు గోడలు, ఐసు లారీలు. చేపలు అమ్మబోయే ఆడవాళ్లు బుట్టలు కాదు, మోపెడ్ల వెనక ప్లాస్టిక్ పెట్టెలు కట్టుకుని పోతున్నారు. ఒకరు చెయ్యి వేసి ఎత్తాల్సిన పని లేదు. మొదట అది మంచిదే కదా అనిపించింది, తర్వాత ఏమో అనిపించింది. పొన్నమ్మ ఇల్లు చూపించమంటే ఒకామె తీసుకుపోయింది. అరుగు మీద ఎండుచేపలు ఏరుతున్న మనిషి పొన్నమ్మ కూతురు, పేరు కుప్పమ్మ. యాభై దాటి ఉంటాయి. లోపల గోడ మీద పొన్నమ్మ ఫోటో, దానికి ప్లాస్టిక్ పూలదండ. అది చూసి అక్క నా చెయ్యి పట్టుకుంది, ఆ రోజంతటికీ అదే మొదటిసారి.

బిట్రగుంట రైల్వే కాలనీలో ఉండేవాళ్లమని చెప్పాం. కుప్పమ్మ చాప వేసి, సోడాలు తెప్పించింది. ఎట్లా మొదలుపెట్టాలో తెలియక నేను పాల సొరలు వస్తున్నాయా అని అడిగాను.

"ఇప్పుడు యాడొస్తాయక్కా. ఎప్పుడన్నా వలకి ఒకటీ అరా తగులుతాయి. వాటిని గూడా హోటళ్లోళ్లు ఐసులోంచే ఎత్తుకపోతారు" అంది. చేటలో ఒక ఎండుచేప వేసి, "నాకు దొరికితే మాత్రం బాలింతకే ఇస్తా. అది మా అమ్మ పద్ధతి. వాకిట్లో పెట్టి రాగూడదు. ఎంత సేపైనా గడప కాడ కూర్చోవాల. ఇంటి ఆడమనిషి వచ్చినాక చేప తిప్పి బొడ్డు చూపించాల, చేతిలో పెట్టాల, అందిందా అని మూడుసార్లు అడగాల. వాళ్లు అందింది అని మూడుసార్లు చెప్పాల. అప్పుడే లేచి రావాల. మా పల్లెలో ఆడోళ్లంతా ఇప్పుడు అట్టే ఇస్తారు. పాతకాలం నుంచి వచ్చిన ఆచారం అనుకుంటారుగానీ, మా అమ్మే మొదలుపెట్టింది. ఎందుకమ్మా అని అడిగితే చెప్పేది గాదు" అంది.

అక్క నా వైపు చూడలేదు. చూడాల్సిన అవసరం కూడా లేదు. నేను చెప్పేశాను. తొట్టి, గోనె, రాయి, రైలు, చప్పట్లు, గుమ్మంలో నిలబడి నోరు మూసుకోవడం, అన్నీ. చివరికొచ్చేసరికి నాకు ఏడుపు ఆగలేదు. "మీ అమ్మ అబద్ధం చెప్పలేదు కుప్పమ్మా. నేను చెప్పినా" అన్నాను.

కుప్పమ్మ ఏరుతున్న చేపల చేటను పక్కకు జరిపింది. కోప్పడుతుందనుకున్నాను, కోప్పడితే బాగుండు అనుకున్నాను. ఆమె కొంగుతో చేతులు తుడుచుకుని, మేం కూర్చున్న అరుగును ఒకసారి తడిమింది.

"పోయినేడు వానల దాకా బతికే ఉన్నిందక్కా మా అమ్మ. ఈడే, నువ్వు కూర్చోనుండే చోటే కూర్చోనుండేది. కళ్లు పోయినాయిగానీ, చెవులు మాత్రం కడదాకా బాగా వినపడినాయి."